విడిది యిండ్లును వేల్సు దేశపు పల్లెలును



బాటసారికి రాత్రి తలదాచుకొనుటకు చోటు చూపుట మన గ్రామములకు క్రొత్త ధర్మము కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి కాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన కాశీయాత్ర చరిత్రము చదివినచో, మజిలీ మజిలీకిని ఏ యూర దిగవచ్చునో, ఎచట సత్రము కలదో, ఎచట వంటసరకులు దొరకునో తెలియును. కోనసీమలో డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు వేళయని అవేళయని చూడక అన్నము పెట్టి తరించిన సంగతి మీలో ఎఱుగనివారుండరు.

మన సత్రపు ఏర్పాటులో గమనింపవలసిన విషయ మొకటి కలదు. సత్రము ఊరివారి కాపురపుటిండ్లలో ఒకటి కాదు. పుణ్యాత్ములెవరో దానికై వేఱుగ కట్టడము కట్టించి, మాన్యము వ్రాసియిచ్చి, నడపెడివారు. గృహస్థుని యింట దిగిన అతిథియైనను, ఆ గృహస్థు కాపురముండగనే అరుగు మీదనో సావడిలోనో పరుండెడివాడు. అతిథి వచ్చినందున ఊరిలో కాపురముండు కుటుంబముల సంఖ్య ఒకటియైనను తగ్గెడిది కాదు.

నేడు లోకమంతట వ్యాపించుచున్న విడిది యిండ్ల వ్యాపారము దీనికి భిన్నమైనది. సెలవు దినములలో పట్టణవాసులు రెండు రాత్రులకో, వారమునకో పల్లెలో ఒక యింటిని అద్దెకు తీసికొందురు. యజమాని ఆ యింట నుండడు. తఱచుగ ఆ యూరనే యుండడు. కాపురముండదగిన యిల్లు కాపురము లేనిదై, వచ్చిపోవువారి కొఱకై నిలిచిపోవును. ఇట్టి యిండ్లు ఊర నొకటి రెండున్నపుడు ఎవరికిని పట్టదు. వీధిలో సగమైనపుడు ఊరి స్వరూపమే మాఱును. ఈ మార్పు ఎట్లు జరుగునో ఒక దేశపు చరిత్ర ఆధారముగ మనవి చేసెదను. ఆ దేశము వేల్సు.

వేల్సు బ్రిటను ద్వీపమునకు పడమటి దిక్కున కొండలతోను సముద్రతీరముతోను గూడిన చిన్న దేశము. జనసంఖ్య సుమారు 31 లక్షలు. పొరుగుననున్న ఇంగ్లండుతో అది 16వ శతాబ్దిలో రాజకీయముగ ఏకమైనను, దాని భాష వేఱు. వెల్షు భాష ఇంగ్లీషునకు మాండలికము కాదు. మిక్కిలి ప్రాచీనమైన కెల్టిక్ భాషలలోనిది. బిషప్ విలియం మోర్గను 1588లో బైబిలును ఆ భాషలోనికి తెచ్చుటచే దానికి గ్రంథస్థమైన బలము చేకూరెను. 1911 జనాభా లెక్కలలో నూటికి 43 మందికి పైగా ఆ భాష మాటలాడువారుండిరి. 2021 నాటికి నూటికి 18 మందికి లోబడిరి. వాయవ్య దిశనున్న గ్వినెద్ మండలములో మాత్రము అదే లెక్కలో నూటికి 64 మంది వెల్షు మాటలాడువారు గలరు. భాషకు కడపటి కోటయనదగిన ఆ మండలమే సందర్శకులకును మిక్కిలి ప్రీతిపాత్రమైన సీమ. స్నోడను పర్వతము, లీన్ ద్వీపకల్పపు ఇసుక తీరములు అచటివే. మన కథకు మూల మిదియే.

అచట అతిథులు దిగుట మూడు దశలలో మాఱినది.

మొదటి దశ రైలుబండితో వచ్చినది. 19వ శతాబ్ది నడుమ ఉత్తర వేల్సు తీరమునకు రైలుమార్గము పడగానే, ఇంగ్లండులోని మిల్లు పట్టణములవారు వేసవిలో సముద్రస్నానమునకై రాజొచ్చిరి. తీరపు గ్రామములలోని గృహిణులు తమ యింట ముందటి గది నొకదానిని వారికిచ్చి, తాము వెనుక గదులలో సర్దుకొనెడివారు. వంట గృహిణిదే, పాలు పొరుగువానివే, రొట్టె ఊరి అంగడిదే. 1938లో జీతముతో కూడిన సెలవుల చట్టము వచ్చినపిమ్మట కార్మికులు సైతము అధికముగ రాసాగిరి. ఈ దశలో డబ్బు ఊరిలోనే తిరిగినది. ఇల్లు ఊరివారిదిగనే నిలిచినది.

రెండవ దశ రెండవ ప్రపంచయుద్ధానంతరము మోటారుకారులతో వచ్చినది. గ్వినెద్ కొండలలో పలకరాతి గనులు వేలాది కుటుంబములను పోషించెడివి. ఒకప్పుడు లోకములోని యెన్నియో పట్టణముల యింటికప్పులు ఆ రాతివే. రానురాను వేఱు పెంకులు వచ్చి ఆ పరిశ్రమ క్షీణించెను. లాన్బెరిస్ గ్రామము చెంతనున్న డినోర్విక్ గని 1969లో మూతపడెను. అదే కాలమున పెక్కు రైలుశాఖలు సైతము మూయబడెను. పనిలేక యువకులు ఊళ్ళు విడిచిరి. గనికార్మికుల చిన్న యిండ్లు చవుకగ అమ్మకమునకు రాగా, లివర్పూలు, మాంచెష్టరు మొదలగు పట్టణములలోని స్థితిమంతులు సెలవులలో గడుపుటకై వానిని కొనిరి.

కనుక మహాశయులారా, ఊరిని మొదట ఖాళీ చేసినది అతిథి కాదు. పని పోవుటచే ఊరు ముందుగ బలహీనమయ్యెను. బలహీనమైన ఊరిలో ఇండ్లు అతిథి వశమైనవి. దీనిని మఱచి అతిథినే నిందించువారు రోగము విడిచి రోగలక్షణమునకు మందు వేయువారగుదురు.

ఆనాటి ఆవేదనకు మఱొక కారణమును గలదు. లివర్పూలు నగరమునకు నీటి కొఱకై ట్రవెరిన్ లోయలో జలాశయము కట్టి, వెల్షు మాటలాడు కాపెల్ కెలిన్ గ్రామమును 1965లో ముంచివేసిరి. పార్లమెంటులో వేల్సు సభ్యులు దాదాపు అందఱును వ్యతిరేకించినను ఆగలేదు. అంతకు మున్నే, 1962 ఫిబ్రవరిలో, సాండర్స్ లూయిస్ అను వెల్షు రచయిత రేడియోలో భాషయొక్క భవితవ్యమును గూర్చి ఒక ప్రసంగము చేసియుండెను. ఆ రేడియో ప్రసంగము విన్న ప్రేరణతోనే ఆ యేడు వెల్షు భాషాసంఘ మేర్పడినది. మాటకు బలము లేదనువారు ఈ సంగతి స్మరింతురుగాక!

ఆవేదన అంతయు శాంతమార్గముననే నడువలేదు. 1979 డిసెంబరు మొదలు సుమారు 12 సంవత్సరములు, రహస్య బృంద మొకటి ఇంగ్లీషువారి సెలవు యిండ్లకు రాత్రివేళ నిప్పంటించుచు వచ్చెను. రెండువందలకు పైగా దాడులు జరిగినవి. ఫలమేమి? కాలిన యిల్లు మరల కట్టబడెను. లేక శిథిలమై నిలిచెను. ఆ యూరి యువకునికి ఒక్క యిల్లును దక్కలేదు. అన్యాయము నిజమే యైనను, దానికి అగ్ని ప్రత్యుత్తరము కాదని ఆ పండ్రెండేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

మూడవ దశ మన కండ్లయెదుటనే వచ్చినది. 2008లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎయిర్‌బీఎన్‌బీ అను సంస్థ పుట్టెను. ఆ నగరములో ఒక సభకు వచ్చినవారికి హోటళ్ళలో గదులు దొరకకుండగా, తమ యింటి గదిలో గాలిపరుపులు వేసి అద్దెకిచ్చిన మిత్రులు దానికి మూలపురుషులు. తొలి ఊహ మన సావడి అతిథి వంటిదే. యజమాని యింటనుండగ అతిథి ప్రక్కగదిలో నుండుట. కాని యీ సాధనము మఱొక పనికిని అక్కఱకు వచ్చెను. పూర్వము సెలవు యిల్లు కొన్నవాడు దానిని సంవత్సరములో కొన్ని వారములు తాను వాడుకొని, తక్కిన కాలము తాళము వేసియుంచెడివాడు. ఇపుడు చేతిలోని ఫోనుతో ఎక్కడినుండియైనను ఆ యింటిని రాత్రి రాత్రికిని అద్దెకీయగలుగుచున్నాడు. ఖర్చు పెట్టించు విలాసవస్తువు ఆదాయము తెచ్చు ఆస్తిగ మాఱెను. దానితో ఇల్లు కొనుటకు పోటీపడువారు పెరిగిరి.

ఇందలి లెక్క సులభమైనది. ఊరిలో పని చేసికొను కుటుంబము నెల కొక పర్యాయము అద్దె యిచ్చును. సముద్రతీరమున వేసవి విడిదివారు అంత సొమ్మును కొలది దినములలోనే యియ్యగలరు. యజమాని యెటు మొగ్గునో వేఱుగ చెప్పనక్కఱలేదు. అద్దెకుండు కుటుంబమునకు ఇల్లు ఖాళీ చేయుమని నోటీసు వచ్చును. ఇల్లు అమ్మకమునకు వచ్చినచో, ఊరి బడిపంతులు తన జీతమును బట్టి ధర కట్టును. దూరపువాడు విడిది వలన రాగల ఆదాయమును బట్టి ధర కట్టును. ఈ రెండు ధరలు ఎన్నటికిని కలియవు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి విదేశయాత్రలు నిలిచిపోగా, బ్రిటను ప్రజలందఱును స్వదేశపు తీరములకే పరుగెత్తిరి. అప్పుడు వేల్సు పల్లెలలో ఇండ్ల ధరలు మఱింత పైకెగసెను. ఆ సంవత్సరమే నెఫిన్ అను చిన్న పట్టణపు స్థానిక సభ్యులు కొందఱు కేర్నార్వన్‌లోని మండల కార్యాలయమునకు దాదాపు 20 మైళ్ళు కాలినడకన పోయి తమ గోడు వినిపించిరి.

ఊరికి కలుగు నష్టము మొదట ఇంటిలో కనబడదు, బడిలో కనబడును. లీన్ ద్వీపకల్పములో అబెర్సోఖ్ అను తీరగ్రామము కలదు. పడవల విహారమునకు అది ప్రసిద్ధము. వేసవిలో అచట కాలు పెట్ట సందుండదు. ఆ గ్రామపు ప్రాథమిక పాఠశాల 2021 డిసెంబరు చివర మూయబడెను. అప్పటికి బడిలో పిల్లలు పదిమందికన్న తక్కువ. ఇండ్లు లేక కాదు. ఇండ్లున్నవి, వానిలో కాపురముండు తల్లిదండ్రులు లేరు. ఆ బడిలో బోధనాభాష వెల్షు. భాష పుస్తకములో బ్రదుకదు, కోలాటమాడు పిల్లల నోట బ్రదుకును. ఆ పిల్లలు వేఱు చోటికి పోయినచో, ఊరి నోటినుండి భాష జారిపోవును.

బడి తరువాత ప్రార్థనామందిరము, గాయకమండలి, అగ్నిమాపకమునకు స్వచ్ఛందముగ వచ్చు యువకుల దండు, చలికాలమున ముదుసలికి పాలు తెచ్చి యిచ్చు పొరుగువాడు, ఇవి వరుసగ తఱుగును. వేసవిలో వెలుగు కిటికీలు కార్తికమాసము వచ్చునప్పటికి చీకటియగును. వీధిలో ఎన్ని యిండ్లలో దీపము వెలుగుచున్నదో లెక్కించుటయే అచటి వృద్ధులు ఊరి ఆరోగ్యము చూచు నాడియైనది.

అయినను నాణెమునకు రెండవ వైపును చూపకున్న నేను పక్షపాతినగుదును. కొండ భూములలో గొఱ్ఱెలు మేపుకొను చిన్న రైతునకు ఉన్ని ధర గిట్టనపుడు, పెరటిలోని పాత కొట్టమును బాగుచేసి సందర్శకులకు అద్దెకిచ్చి, ఆ యాదాయముతో పొలము నిలువబెట్టుకొన్నవారు కలరు. అట్టివాని బిడ్డలు ఊర నుండుటకు విడిది వ్యాపారమే తోడ్పడినది. భోజనశాలలు, అంగళ్ళు, పడవవాండ్రు, శుభ్రపఱచు పనివారు, అందఱకును సందర్శకుల సొమ్మే జీవనాధారము. మూతపడిన పలకరాతి గనుల సీమను 2021లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ప్రపంచ వారసత్వముగ గుర్తించెను. గని పోయినను గని చరిత్ర చూడవచ్చువారి వలన ఆ లోయలు కొంత బ్రదుకుచున్నవి. ఇండ్ల కొఱతకు విడిది యిండ్లొకటియే కారణము కాదు. 1980 నుండి ప్రభుత్వపు అద్దెయిండ్లను వానిలో నున్నవారికే అమ్మివేయు పద్ధతి వచ్చి, పేదలకు మిగిలిన యిండ్లు తఱిగెను. వేల్సు ప్రభుత్వ మా హక్కును 2019లో రద్దు చేసినను, పోయిన యిండ్లు పోయినవే.

ఇక ప్రభుత్వము చేసిన చికిత్స. వేల్సుకు 1999 మొదలు స్వంత శాసనసభ కలదు. 2014 నాటి గృహచట్టము ప్రకారము, 2017 నుండి కాపురము లేని రెండవ యిండ్లపై స్థానిక సభలు అదనపు పన్ను వేయవచ్చును. ఆ అదనమునకు మొదట 100 శాతము హద్దు. 2023 ఏప్రిలు నుండి 300 శాతము వరకు పెంచిరి. గ్వినెద్ సభ 150 శాతము వేసినది. అయితే కొందఱు యజమానులు తమ యిల్లు సెలవు యిల్లు కాదు, వ్యాపారమని వ్రాయించుకొని పన్ను తప్పించుకొనసాగిరి. చిన్న వ్యాపారములకు రాయితీ యుండుటచే వారిలో పలువురికి ఏ పన్నును పడలేదు. పూర్వము యేడాదికి 70 దినములు అద్దెకిచ్చినచో చాలును. 2023 నుండి 182 దినములు నిజముగ అద్దెకీయవలెనని నిబంధన బిగించిరి. దీనిచే నిజముగ కష్టపడి వ్యాపారము చేయు స్థానికులు కొందఱు ఇబ్బందిపడిరి. శాశ్వత కాపురమునకు అనుమతి లేని కట్టడములకు అదనపు పన్ను నుండి మినహాయింపు ఇయ్యవలసి వచ్చినది. నియమము ఊరిలోనివానిని, దూరపువానిని వేఱుచేసి చూడజాలదు. అది చేయవలసినవారు మనుష్యులు.

అన్నిటికంటె ముఖ్యమైన మార్పు 2022 అక్టోబరులో వచ్చినది. అప్పటినుండి వేల్సు చట్టములో కాపురపు ఇల్లు, రెండవ ఇల్లు, స్వల్పకాలపు విడిది ఇల్లు అని మూడు వేర్వేఱు తరగతు లేర్పడినవి. ఒక తరగతినుండి మఱియొక తరగతికి మార్చుటకు అనుమతి అవసరమని గ్వినెద్ సభ 2024 సెప్టెంబరు 1 నుండి నియమము చేసెను. దీనిపై ఇంటియజమానులు న్యాయస్థానమున కెక్కిరి. నా యిల్లు నా యిష్టమనువాని హక్కునకును, మా ఊరు మాకు కావలెననువారి హక్కునకును నడుమ వ్యాజ్యమది. 2025లో శాసనసభ విడుదుల నన్నింటిని పట్టికలో నమోదు చేయుటకును, విడిసినవారినుండి రాత్రికి స్వల్పమైన సుంకము స్వీకరించుటకు స్థానిక సభలకు అధికార మిచ్చుటకును చట్టము చేసెను.

ఇతర దేశములును ఈ ప్రశ్న నెదుర్కొనినవి. ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరముననున్న సెంట్ ఐవ్స్ పట్టణమువారు 2016లో ఓటు వేసి, ఇకపై కట్టు క్రొత్త యిండ్లు కాపురమునకే యుండవలెనని నూటికి 80 మందికి పైగా తీర్మానించిరి. కొనువారు అప్పుడు పాత యిండ్లపై దృష్టి నిలిపిరి. ఒక కాలువకు గండి పూడ్చిన నీరు మఱొక గండి వెదకికొనుట మన రైతులకు తెలిసినదే. జపానులో 2018 చట్టము సాధారణముగ యేడాదికి 180 రాత్రులకు మించి ఇంటిని విడిదిగ నడుపరాదని హద్దు విధించెను. అచటి పల్లెలలో జనము తఱిగి యెన్నియో యిండ్లు ముందే పాడుపడియున్నవి గనుక, అట్టిచోట అతిథి వచ్చుట ఇంటికి మేలే. ఒకే మందు అన్ని యూళ్ళకును పనికిరాదనుటకు ఇది నిదర్శనము.

మన దేశమున ఈ వ్యాపారము ఇప్పుడిప్పుడే వేళ్ళూనుచున్నది. గృహవిడిదిని గుర్తించు భారత ప్రభుత్వ పథకములో మంచి షరతొకటి కలదు: యజమాని తన కుటుంబముతో ఆ యింటనే నివసించుచుండవలెను. అనగా సావడి అతిథి ధర్మమే ప్రభుత్వ నిబంధనయైనది. తెలుగునాట అరకు లోయకును, చలికి పేరుగాంచిన లంబసింగికిని ఏటేట సందర్శకులు వచ్చుచున్నారు. అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గిరిజన సీమలు. అచట భూమి విషయములో 1959 నాటి నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి 1/70 చట్టమును కలవు. వాని ప్రకారము షెడ్యూలు ప్రాంతములో గిరిజనేతరునికి భూమి బదిలీ చేయుట చెల్లదు. 1997లో సుప్రీముకోర్టు సమతా కేసులో తీర్పు చెప్పుచు, ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు కౌలుకీయరాదని నిర్ణయించెను. 1996 నాటి పెసా చట్టము అన్యాక్రాంతమగు భూమిని కాపాడు అధికారమును గ్రామసభకును తత్స్థాయి పంచాయతులకును ఒసగినది. వేల్సువారు యాబదియేండ్లు పోరాడి సంపాదించుకొనజూచు రక్షణ మన కొండలలో కాగితముపై ముందే యున్నది. కాని కాగితము తనంత తాను కాపలా కాయదు. గిరిజనుని పేర పత్రము, వేఱొకని పేర లాభము అను బినామీ పద్ధతి చొరబడినచో, అబెర్సోఖ్‌కు పట్టిన గతి మన లోయలకును పట్టవచ్చును.

గ్రామపెద్దలగు మీరు చేయదగిన పని చట్టసభలో లేదు; మీ పంచాయతి కచేరిలోనే యున్నది. ఊరిలో కాపురపుటిండ్లెన్ని, విడిది యిండ్లెన్ని, విడిది యింటి యజమాని ఊర నుండువాడా దూరపువాడా, అతిథికి వండిపెట్టు బియ్యము, పాలు, కూరలు ఊరివా బయటివా అని యేటేట ఒక పుస్తకములో వ్రాయించుడు. బడిలో పిల్లల హాజరుపట్టికను దాని ప్రక్కన పెట్టి చూడుడు. ఒకటి పెరుగుచుండ రెండవది తఱుగుచున్నదేమో ఆ రెండు పుస్తకములే చెప్పును. వేల్సువారు బడి మూతపడిన పిమ్మట విడిదుల పట్టిక వ్రాయుటకు చట్టము చేసిరి. మన బడిగంట యింకను మ్రోగుచుండగనే మనము ఆ పట్టిక వ్రాయ మొదలిడవచ్చును.